నేపథ్యం లేనివారము కాము

(వ్యాపార ప్రణాళికలో ‘సంస్థ నేపథ్యం, బలాలు’ అనే అధ్యాయం గురించి, జంపనిలో యువకులకు, పొదుపు సంఘాల మహిళలకు జరిగిన అవగాహన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

మాకు అప్పగించిన విషయం చూడడానికి చిన్నది. బ్యాంకుకో, జిల్లా పరిశ్రమల కేంద్రానికో సమర్పించే వ్యాపార ప్రణాళికలో ‘సంస్థ నేపథ్యం, బలాలు’ అనే అధ్యాయం ఒకటి ఉంటుంది. దానిని ఏ విధంగా రాయాలన్నదే ఈనాటి విషయం. యంత్రాల ధరలు, లాభనష్టాల పట్టికలు, వాయిదాల లెక్కలు ఈ పూట ముట్టుకోము. వాటిని లెక్కలు తెలిసిన వారెవరైనా కట్టి ఇవ్వగలరు. ఈ ఒక్క అధ్యాయం మాత్రం మీరు తప్ప మరెవరూ రాయలేరు. విచిత్రమేమంటే, మనవాళ్లు డబ్బిచ్చి మరొకరి చేత రాయించుకునేది కూడా దీనినే.

మేము ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా ఉద్యోగ జీవితం గడిపి విరమించినవారము. కాబట్టి బల్లకు అవతలి వైపు ఏం జరుగుతుందో చెప్పగలము. దరఖాస్తు రాగానే ఇన్‌వార్డు నంబరు పడుతుంది. తరువాత అది ఒక గుమాస్తా బల్ల మీదికి వస్తుంది. అతని ముందు అటువంటివి ఇంకా చాలా ఉంటాయి. అతడు మొదటి రెండు పుటలు చదువుతాడు. ఎవరు, ఎక్కడివారు, ఏం చేస్తారు, ఇంతకు ముందు ఏం చేశారు అన్న నాలుగు ప్రశ్నలకు జవాబు దొరికితే ఫైలు పైకి కదులుతుంది. దొరకకపోతే ‘కొర్రీ’ పడుతుంది. కొర్రీ పడిన ఫైలు వెనక్కి వచ్చి, మళ్లీ వెళ్లి, ఆలోగా ఆ సంవత్సరపు లక్ష్యం పూర్తయిపోయి, సబ్సిడీ చేజారిన సందర్భాలు మన ఊళ్లలో లెక్కకు మిక్కిలి. గుమాస్తాకు మన మీద పగ ఉండనవసరం లేదు. కాగితం మీద లేనిది అతనికి కనబడదు, అంతే.

తయారు చేసిన రిపోర్టులు అమ్మే చోట్లు మీకు తెలిసినవే. అటువంటి ఒక చోట రాయించిన ప్రాజెక్టు రిపోర్టు ఒకటి మా దగ్గరకు వచ్చింది. ఊరు పేరు, మనిషి పేరు చెప్పము. పరుపులు కుట్టే దుకాణం పెట్టదలచిన యువకుడు తెచ్చిన రిపోర్టు అది. అందులో ‘మా సంస్థ అంతర్జాతీయ ప్రమాణాలతో, అనుభవజ్ఞులైన ఇంజనీర్ల బృందంతో, అత్యాధునిక సాంకేతిక పరిజ్ఞానంతో ఖాతాదారుల సంతృప్తే ధ్యేయంగా పనిచేస్తున్నది’ అని ఉన్నది. ఇంజనీర్లు ఎవరు బాబూ అని అడిగితే ఆ పిల్లవాడు నవ్వలేక తల దించుకున్నాడు. అదే వాక్యం అదే కేంద్రం నుంచి వచ్చిన పిండిమర రిపోర్టులోనూ ఉన్నది, బ్యూటీ పార్లరు రిపోర్టులోనూ ఉన్నది. పేరు, మొత్తం మాత్రమే మారతాయి. పది మందికి అదే అచ్చు. బ్యాంకు అధికారి మొదటిదానిని నమ్మినా రెండవదానిని చూసేసరికి మొదటిదాని మీద నమ్మకం కూడా పోతుంది. అక్కడ నష్టపోయేది రిపోర్టు అమ్మినవాడు కాదు.

ఎందుకు అలా రాయిస్తారని అడిగితే మనవాళ్ల జవాబు ఒకటే. ‘నేపథ్యమా? మాకేం నేపథ్యం ఉందండీ? మా నాయన కూలి, మా తాత కూలి.’ ఈ మాట మేము విన్నన్నిసార్లు మరే మాటా విని ఉండము.

ఈ మాట నిజం కాదు. 2005లో నియమితమై 2006లో నివేదిక సమర్పించిన సచార్ కమిటీ ఏమి చెప్పిందో ఒకసారి గుర్తు చేసుకుందాము. దేశంలో పనిచేసే ముస్లింలలో 61 శాతం మంది స్వయం ఉపాధి మీదనే ఉన్నారని ఆ నివేదిక తేల్చింది. హిందువులలో అది 55 శాతం. అంటే ఉద్యోగాలలో వెనుకబడిన ఈ సమాజం సొంత పనిలో ముందున్నది. కుట్టుపని, వెల్డింగు, మెకానిక్కు పని, తోళ్లు, పరుపులు, పండ్ల బండి, మాంసం దుకాణం, ఇత్తడి కళాయి, అన్నీ సంస్థలే. బోర్డు లేదు, పుస్తకం లేదు, అంతే తేడా. అదే నివేదిక మరొక మాట కూడా చెప్పింది. ముస్లింలు ఎక్కువగా నివసించే కొన్ని ప్రాంతాలను కొన్ని బ్యాంకులు ‘నెగెటివ్ జోన్లు’గా పక్కన పెట్టాయన్నది ఆ మాట. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడండి. పని ఉన్నది, పరపతి లేదు. ఆ అన్యాయం మీద పోరాటం చేయవలసిందే, ఈ పత్రిక చేస్తూనే ఉన్నది. కానీ పోరాటం ముగిసే వరకు మన పిల్లల దరఖాస్తులు ఆగవు కదా. ‘మీ వాడకట్టుకు ఇవ్వము’ అని నోటితో అనడానికి వెనుకాడే అధికారికి ‘మీ రిపోర్టు సరిగా లేదు’ అనే సాకు మనమే ఎందుకు చేతికి ఇవ్వాలి?

ఇక పనిలోకి దిగుదాము. కొత్త సంస్థకు నేపథ్యం ఎక్కడి నుంచి వస్తుందని యువకులు అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. 2008లో మొదలైన ప్రధానమంత్రి ఉపాధి కల్పన పథకమే తీసుకోండి. దానిలో తొలి రుణం కొత్త యూనిట్లకు మాత్రమే. 2022లో సవరించిన నిబంధనల ప్రకారం తయారీ రంగానికి 50 లక్షలు, సేవారంగానికి 20 లక్షల రూపాయల వరకు ప్రాజెక్టు వ్యయం ఉండవచ్చును. గ్రామీణ ప్రాంతంలో మైనారిటీలకు, మహిళలకు, వెనుకబడిన తరగతులకు సబ్సిడీ 35 శాతం, సొంత వాటా 5 శాతం. కొత్త యూనిట్ అన్నారు కాబట్టి దానికి చరిత్ర ఉండదు. మరి ఆ అధ్యాయంలో రాయవలసింది ఏమిటి? మనిషి చరిత్ర. పుట్టని సంస్థకు పెట్టేవాడి చేతులే నేపథ్యం. ఈ ఒక్క సంగతి అర్థమైతే సగం పని అయినట్లే.

ఆ పరుపుల పిల్లవాడి సంగతికే మళ్లీ వద్దాము. ఒక మధ్యాహ్నం అతనిని కూర్చోబెట్టి ప్రశ్నలు వేశాము. అతడు నూర్‌బాషా కుటుంబం బిడ్డ. తాత భుజాన దూది ఏకే విల్లు వేసుకుని ఊరూరా తిరిగాడు. తండ్రి కాలానికి ఏకే యంత్రం వచ్చింది. పిల్లవాడు బడి మానిన నాటి నుంచి తండ్రి పక్కన కూర్చుని కుడుతున్నాడు. వేమూరు, అమృతలూరు, కొల్లూరు, చుండూరు వైపు గ్రామాల్లో వాళ్లకు పాత ఇళ్లు ఉన్నాయి. పెళ్లిళ్ల ముందు పిలుపు వస్తుంది. ఏ దూది ఎక్కడ దొరుకుతుందో, బూరుగు దూదికీ పత్తి దూదికీ బరువులో, ధరలో, మన్నికలో తేడా ఏమిటో, ఒక మంచానికి ఎంత దూది పడుతుందో అతనికి నోటికి వచ్చు. ఫోము పరుపులు వచ్చాక గిరాకీ తగ్గలేదా అని అడిగాము. అప్పుడు అతడు చెప్పిన జవాబు ఆ రిపోర్టు మొత్తం మీద విలువైనది. ‘దూది పరుపు నాలుగైదేళ్లకు గడ్డ కడుతుందండీ. మళ్లీ ఏకి కుట్టించుకోవాలి. ఫోము అమ్మినవాడు మళ్లీ ఆ ఇంటికి పోడు. మేము పోతాము.’

ఇదే బలం! కొన్నవారి ఇంటికి నాలుగైదేళ్లకోసారి మళ్లీ పని దొరికే వ్యాపారం అది. అత్యాధునిక సాంకేతిక పరిజ్ఞానం అన్న మాట కింద ఇంత మంచి సంగతి పూడిపోయింది.

అతని చేత మేము రాయించిన పేరా ఇంచుమించు ఈ విధంగా ఉన్నది. ‘దరఖాస్తుదారు కుటుంబం మూడు తరాలుగా దూది ఏకి పరుపులు, దిండ్లు, బొంతలు కుట్టే వృత్తిలో ఉన్నది. దరఖాస్తుదారు తండ్రి వద్ద పని నేర్చుకుని, ప్రస్తుతం కొనుగోలు, కత్తిరింపు, కుట్టు, బేరం అన్నీ స్వయంగా చూస్తున్నాడు. చుట్టుపక్కల మండలాలలో పాత ఖాతాదారులు ఉన్నారు, వారి జాబితా జతపరచడమైనది. ఏకే యంత్రం పాతది, తరచు మరమ్మతుకు వస్తున్నది. పెళ్లిళ్ల కాలంలో వచ్చిన పనిని అందుకోలేక వదులుకోవలసి వస్తున్నది. కొత్త యంత్రానికి, సరుకు నిల్వకు ఈ రుణం కోరడమైనది.’ ఇంతే. ఇంజనీర్లు లేరు, అంతర్జాతీయ ప్రమాణాలు లేవు. చదివిన అధికారికి మనిషి కళ్లకు కడతాడు. రుణం ఎందుకో ప్రత్యేకంగా చెప్పకుండానే తెలిసిపోతుంది.

ఒక హెచ్చరిక. తండ్రి పేరు మీద నడుస్తున్న దుకాణాన్నే కొత్త యూనిట్‌గా చూపించరాదు. విచారణకు వచ్చినవారు పక్కింటివారిని అడుగుతారు. ఇప్పటికే నడుస్తున్న పనికైతే దానికి తగిన పథకం వేరే ఉన్నది. ముద్ర రుణాలు 2015 ఏప్రిల్ నుంచి ఉన్నాయి. ఆహార పదార్థాల యూనిట్లకైతే 2020లో వచ్చిన సూక్ష్మ ఆహార పరిశ్రమల పథకం కింద 35 శాతం, గరిష్ఠంగా 10 లక్షల వరకు సబ్సిడీ ఉన్నది. పచ్చళ్లు, అప్పడాలు, పసుపు, కారం చేసే అక్కచెల్లెళ్లు దీనిని గుర్తుంచుకోవాలి. దుగ్గిరాల పసుపు యార్డు మనకు కూతవేటు దూరం. తెనాలి మినప గుళ్లు దేశమంతా పోతున్నాయి. ముడిసరుకు దగ్గరలో ఉండడం కూడా ఒక బలమే. అయితే అది ఈ ప్రాంతానికంతటికీ ఉన్న బలం. దానికి మీ సొంతం ఏమి కలిసిందో చెప్పాలి. ‘యార్డులో ఫలానా రకం కొమ్ము మేము స్వయంగా ఏరి కొంటాము, ఇంటి దగ్గర ఉడికించి ఆరబెడతాము’ అంటే అది మీది అవుతుంది.

కాగితాల విషయం కొంచెం వివరంగా చెప్పవలసి ఉన్నది, ఓపిక పట్టండి. నేపథ్యం అధ్యాయంలో మొదట రాసేది పేరు. మన పేర్లతో వచ్చే చిక్కు మనకే తెలుసు. ఆధార్ కార్డులో ‘షేక్’ అని పూర్తిగా ఉంటుంది. బడి సర్టిఫికెట్‌లో రెండు ఇంగ్లీషు అక్షరాలు వేసి చుక్క పెడతారు. పాన్ కార్డులో ఇంకొక అక్షరం అదనంగా చేరుతుంది. ఒకచోట బీబీ, మరొకచోట బేగం, ఇంకొకచోట ‘బి’. బ్యాంకు కంప్యూటరుకు ఈ ముగ్గురూ ముగ్గురు మనుషులు. దీనికి తోడు మస్తాన్ వలీలు, సుభానీలు, కరీమున్నీసాలు ప్రతి ఊరిలో నలుగురైదుగురు ఉంటారు. ఒకరు ఎగవేసిన అప్పు మరొకరి పరపతి నివేదికలో చేరిన ఉదంతాలు ఉన్నాయి. రిజర్వు బ్యాంకు ఆదేశం ప్రకారం ప్రతి పరపతి సమాచార సంస్థ సంవత్సరానికి ఒకసారి మీ పూర్తి నివేదికను ఉచితంగా ఇవ్వాలి. దరఖాస్తు పెట్టే ముందే తెప్పించుకుని చూడండి. తప్పు ఉంటే అప్పుడే రాసి సరిచేయించండి.

తరువాతది చిరునామా. 2022 ఏప్రిల్ 4న బాపట్ల జిల్లా ఏర్పడింది. జంపని, వేమూరు మండలంతో సహా గుంటూరు జిల్లా నుంచి అందులోకి వచ్చింది. మీ పాత కాగితాలలో గుంటూరు జిల్లా అని, కొత్త కాగితాలలో బాపట్ల జిల్లా అని ఉంటుంది. ఇది తప్పు కాదు. కానీ ‘పూర్వపు గుంటూరు జిల్లా, ప్రస్తుతం బాపట్ల జిల్లా’ అని ఒక్క వాక్యం రాస్తే ఒక కొర్రీ తప్పుతుంది. గుమాస్తాల బుద్ధి మాకు తెలుసు కాబట్టి చెబుతున్నాము.

సంస్థ స్వరూపం కూడా ఇక్కడే రాయాలి. ఒక్కరి సొంత సంస్థా, 1932 చట్టం కింద భాగస్వామ్యమా, కంపెనీయా, 1995 చట్టం కింద పరస్పర సహాయక సహకార సంఘమా? అన్నదమ్ములు కలిసి చేస్తున్నారు కాబట్టి అది భాగస్వామ్యమే అని మనము అనుకుంటాము. పత్రం లేకపోతే బ్యాంకు అలా అనుకోదు. ఉద్యమ్ నమోదు 2020 జులై 1 నుంచి ఉన్నది. ఆధార్, పాన్ కావాలి, రుసుము లేదు. దానికి వేలు గుంజే దళారులు ఉన్నారు, ఇవ్వకండి. ఆ నమోదు పత్రం మీ సంస్థకు పుట్టిన తేదీ కాగితం వంటిది. ఈ రోజు తీసుకుంటే, మూడేళ్ల తరువాత మూడేళ్ల నేపథ్యం మీ చేతిలో ఉంటుంది.

అక్కచెల్లెళ్లతో ఒక మాట ప్రత్యేకంగా చెప్పాలి. మీలో చాలామందికి పదేళ్లు, పదిహేనేళ్లుగా పొదుపు సంఘాలలో సభ్యత్వం ఉన్నది. అప్పు తీసుకున్నారు, నెలనెలా కట్టారు, పుస్తకంలో సంతకాలు ఉన్నాయి. ఆ సంఘం పుస్తకం కంటే గొప్ప నేపథ్యం ఏ కొత్త వ్యాపారికి ఉంటుంది? మీరు దానిని ఇంట్లో ట్రంకు పెట్టెలో పెట్టి, దరఖాస్తులో ‘గృహిణి’ అని రాయిస్తున్నారు. వాయిదాల చరిత్రను సంఘం తీర్మానంతో, బ్యాంకు స్టేట్‌మెంటుతో జతపరచండి. మరొక సంగతి కూడా దాచనవసరం లేదు. సబ్సిడీ ఎక్కువ వస్తుందని భార్య పేరు పెట్టి భర్త దరఖాస్తు చేయడం మన ఊళ్లలో ఉన్నదే. ఇంటర్వ్యూలో అధికారి ఆమెనే అడుగుతాడు, కిలో మినపప్పు ఎంత, అప్పడం ఎంతకు అమ్ముతారు అని. ఆమె భర్త మొహం చూస్తుంది. అక్కడితో ఆ ఫైలు అయిపోతుంది. దీనికి తలకిందులైన సంగతి మరింత బాధాకరం. పని అంతా ఆమె చేతి మీద నడుస్తుంటే, కరెంటు బిల్లు, బోర్డు, ఖాతా అన్నీ భర్త పేరున ఉంటాయి. ఆమెకు నేపథ్యం ఉన్నది, కాగితం లేదు. వచ్చే నెల నుంచి అయినా అమ్మకం డబ్బు ఆమె ఖాతాలో పడేటట్లు చూడండి.

ఇప్పుడు బలాల సంగతి. ‘నాణ్యత మా ప్రాణం’ అని ఎవరైనా రాయవచ్చును, కల్తీ చేసేవాడు కూడా రాస్తాడు. బలం అంటే చూపించగలిగేది. అధికారి ‘ఏదీ చూపించు’ అంటే ఏదో ఒకటి బల్ల మీద పెట్టగలగాలి. ఐటీఐ సర్టిఫికెట్ కావచ్చును, ఫోన్‌పేలో ఏడాది పొడవునా వచ్చిన జమల పట్టిక కావచ్చును, బట్టల దుకాణంవారు క్రమం తప్పకుండా కుట్టుపని ఇస్తున్నామని రాసిచ్చిన చీటీ కావచ్చును. అరువు పుస్తకం కూడా బలమే. ఎవరికి ఎంత ఇచ్చారు, ఎన్నాళ్లకు వసూలైంది అన్నది అందులో ఉంటుంది. దానిని చూపించడానికి మనవాళ్లు సిగ్గుపడతారు. నిజానికి బ్యాంకు వారికి అది మీ వాక్యాల కంటే ఎక్కువ చెబుతుంది.

తెనాలిలో సూర్య శిల్పశాలవారు పాత ఇనుప సామాను, నట్లు, బోల్టులు, గొలుసులతో నిలువెత్తు విగ్రహాలు చేస్తారు. మీలో చూడనివారు ఉండరు. వారి బలం ఏమిటో వాక్యాలలో చెప్పనవసరం లేదు, విగ్రహం చూపిస్తే చాలును. మన వెల్డింగు పిల్లలు తాము చేసిన గేట్ల, గ్రిల్లుల ఫోటోలు కూడా దాచుకోరు. ఫోనులో ఉన్నవి కూడా ఫోను మారగానే పోతాయి. పది మంచి పనుల ఫోటోలు తీసి, తేదీ, ఊరు వేసి జతపరచండి.

మన ఊరి చక్కెర కర్మాగారం సంగతి మీకు మేము చెప్పనవసరం లేదు. అది మూతపడింది. అందులో పనిచేసిన ఫిట్టర్లు, బాయిలరు మనుషులు, టర్నర్లు తమ విద్యను మాత్రం ఇళ్లకు తెచ్చుకున్నారు. అటువంటి తండ్రి దగ్గర పని నేర్చిన కొడుకు ‘నేపథ్యం లేదు’ అనడం ఆ తండ్రికి అవమానం. ‘చక్కెర కర్మాగారంలో ఫిట్టరుగా పనిచేసిన తండ్రి వద్ద శిక్షణ’ అని రాయండి. ఆయన సర్వీసు కాగితం ఎక్కడో ఉండే ఉంటుంది, వెతకండి.

బలాలు రాసిన తరువాత ఒకటి రెండు బలహీనతలు కూడా మీ అంతట మీరే రాయండి. ఇది వినగానే కొందరు మొహాలు చిట్లించారు, చూశాము. ‘వానాకాలంలో దూది చెమ్మ పడుతుంది, నిల్వకు గది లేదు’ అని రాస్తే రుణం రాదనుకుంటున్నారు. అధికారికి ఆ సంగతి తట్టనే తట్టదా? తట్టిన సంగతి మీ కాగితంలో లేకపోతే దాచారనుకుంటాడు. ఉంటే, దానికి మీరు ఏం చేయదలచారో కూడా చదువుతాడు.

పెద్ద సంస్థల గురించి కూడా రెండు మాటలు చెప్పాలి. అవి మనకు అందనంత దూరంలో ఉన్నాయని తెలుసు. నేపథ్యం ఎన్ని విధాలుగా ఉంటుందో చూడడానికి పనికివస్తాయి. జిందా తిలిస్మాత్ సీసా చూడని తెలుగు ఇల్లు అరుదు. 1920లో హైదరాబాదులో హకీం మహమ్మద్ మొయిజుద్దీన్ ఫారూఖీ మొదలుపెట్టిన యునానీ మందుల కర్మాగారం అది. ఆ డబ్బా మీద హబ్షీ సిపాయి బొమ్మ ఈనాటికీ ఉన్నది. వందేళ్లు దాటినా సరుకులు వేళ్ల మీద లెక్కపెట్టదగినవే. ఆ మందు, ఒక పళ్లపొడి, మరి కొద్దిపాటి. అక్కడ బలం మారకపోవడం. ముసలివారి నుంచి మనుమల వరకు ఒకే వాసన, ఒకే బొమ్మ.

విప్రో దీనికి పూర్తిగా వ్యతిరేకం. 1945లో మహారాష్ట్రలోని అమల్నేరులో మహమ్మద్ హాషిమ్ ప్రేమ్‌జీ వనస్పతి తయారీకి పెట్టిన సంస్థ అది. పేరులోనే ‘వెజిటబుల్ ప్రొడక్ట్స్’ అని ఉండేది. 1966లో తండ్రి మరణిస్తే 21 ఏళ్ల కుమారుడు అజీమ్ ప్రేమ్‌జీ చదువు మధ్యలో వచ్చి పగ్గాలు పట్టాడు. నూనె నుంచి కంప్యూటర్లకు వెళ్లిన ఆ సంస్థ తన నూనె రోజులను దాచుకోలేదు. పని మార్చుకున్న మనవాళ్లకు ఇది ఉపయోగపడుతుంది. నిన్నటిదాకా పండ్ల బండి, నేడు పండ్ల రసాల యూనిట్ అంటే అది చిన్నతనం కాదు. పండు తెలిసినవాడే రసం తీస్తున్నాడని అర్థం.

సిప్లా 1935 నాటిది. దానిని స్థాపించిన ఖ్వాజా అబ్దుల్ హమీద్ బెర్లిన్‌లో రసాయనశాస్త్రం చదివి డాక్టరేటు పొందినవాడు. సంస్థకు చరిత్ర లేని రోజున ఆయన చదువే దాని నేపథ్యం. 2001లో ఆయన కుమారుడు యూసుఫ్ హమీద్ ఎయిడ్స్ మందులను రోజుకు ఒక డాలరు కంటే తక్కువకు ఇస్తామని ప్రకటించినప్పుడు ప్రపంచం ఆ ప్రకటనను కొట్టిపారేయలేకపోయింది. అరవై ఆరేళ్ల పని దాని వెనుక ఉన్నది. మాట పెద్దదైనప్పుడు నేపథ్యం దానిని మోస్తుంది.

వడ్డీ విషయంలో మనసు ఒప్పని సోదరులు ఈ సభలో ఉన్నారని తెలుసు. వారు మాకు రుణం వద్దు కాబట్టి ఈ అధ్యాయం కూడా వద్దు అనుకోరాదు. లాభనష్టాలలో భాగస్వామిని వెదుక్కునే వారికే ఇది మరింత అవసరం. బ్యాంకుకు హామీ సంస్థలు ఉన్నాయి, ప్రభుత్వం వెనుక ఉన్నది. మీ భాగస్వామికి ఉన్నది మీ మాట, మీ చరిత్ర మాత్రమే. బంధువుల మధ్య, స్నేహితుల మధ్య ఎన్ని భాగస్వామ్యాలు మాట మీద మొదలై మసీదు అరుగు మీద పంచాయితీలతో ముగిశాయో లెక్క తీయనక్కరలేదు. ఎవరు ఏం తెచ్చారు, ఎవరికి ఏ పని వచ్చు, ఇంతకు ముందు ఎవరు ఎక్కడ నష్టపోయారు, రాసుకోండి. అప్పు, ఒప్పందం రాసుకోవాలన్నది మనకు కొత్తగా ఎవరో నేర్పవలసిన సంగతి కాదు.

చివరిగా కొలత సంగతి. ఈ అధ్యాయం ఒక పుట, మించితే ఒకటిన్నర. తెలుగులో రాయండి. బ్యాంకువారు ఇంగ్లీషు అడిగితే మీరు రాసినదానినే అనువదింపజేయండి, కొత్తది రాయించకండి. రాసిన తరువాత ఇంట్లో బడికి వెళ్లే పిల్లవాడి చేత గట్టిగా చదివించుకోండి. ఎక్కడైనా మీకే నవ్వు వచ్చినా, సిగ్గు వేసినా, ఆ వాక్యం కొట్టివేయండి. నిర్ణీత పరిమితి లోపు సూక్ష్మ, చిన్న పరిశ్రమల రుణానికి తనఖా అడగరాదని రిజర్వు బ్యాంకు నియమం ఉన్నది. ఎవరైనా అడిగితే గొడవ పడకండి, ఆ మాట కాగితం మీద రాసి ఇవ్వమని మర్యాదగా కోరండి. తిరస్కరించినా కారణం రాతపూర్వకంగా అడగండి. ఆ కాగితం కూడా దాచుకోండి, పై అధికారికి రాసేటప్పుడు అదే ఆధారం.

తెల్ల కాగితాలు, కలాలు ముందు బల్ల మీద ఉన్నాయి. మీ పేరు ఆధార్‌లో ఉన్నట్లే మొదటి వరుసలో రాయండి. రెండవ వరుసలో మీకు చేతనైన పని, అది ఎవరి దగ్గర నేర్చుకున్నారో రాయండి. రాయడం రానివారు మా దగ్గరకు రండి, మీరు చెప్పండి, మేము రాస్తాము. మగ్రిబ్ వేళకు ఇంకా ముప్పావుగంట ఉన్నది.